మాక్రాస్ వాల్కిరీ బొమ్మలు: ఏది కొనాలి, ఎలా మార్చాలి, ఎక్కడ విరుగుతుంది

జెట్ నుంచి రోబోగా మారే వాల్కిరీ బొమ్మ కింద పడి విరగడం తక్కువ. చేతుల్లోనే విరుగుతుంది, అదీ ఎక్కువగా మొదటిసారి రూపం మార్చేటప్పుడు. అందుకే ఏది కొనాలి, పాతది ఎలా పరీక్షించాలి, ఎక్కడ దాచాలి అనే ప్రశ్నలన్నీ చివరికి దాని కీళ్ళ దగ్గరికే వస్తాయి. పెట్టె మీది ఫొటో చూసి కాదు, కీలు చూసి కొనండి.

మాక్రాస్ యానిమేషన్ ధారావాహిక 1982 అక్టోబర్ 3న జపాన్ టీవీలో మొదలై 1983 జూన్ దాకా 36 భాగాలు నడిచింది. అందులో కవామోరి షోజి రూపుదిద్దిన వీఎఫ్-1 వాల్కిరీకి మూడు రూపాలు: పూర్తి జెట్ విమానమైన ఫైటర్, విమానానికి కాళ్ళూ చేతులూ వచ్చిన గెర్వాక్, నిలబడే రోబో అయిన బాట్రాయిడ్. అమెరికాలో పెరిగినవాళ్ళకి ఇదే 1985 నాటి రోబోటెక్‌గా తెలిసి ఉంటుంది. అదే ఏడాది ట్రాన్స్‌ఫార్మర్స్‌లో జెట్‌ఫైర్ పేరుతో అమ్మిన బొమ్మ కూడా వాల్కిరీ అచ్చుల్లోంచి వచ్చిందే.

ముందు కొలత తేల్చుకోండి

కథలో వీఎఫ్-1 పొడవు 14.23 మీటర్లు. దాన్ని స్కేలులోని కింది అంకెతో భాగిస్తే మీ బీరువాలో పడుతుందో లేదో తెలిసిపోతుంది. 1/100 అయితే సుమారు 14 సెంటీమీటర్లు, 1/60 అయితే 24, 1/55 అయితే 26, 1/48 అయితే దాదాపు 30. రెక్కలు పూర్తిగా చాపితే వెడల్పు పొడవు కంటే కాస్త ఎక్కువే. అడుగు లోతున్న అర 1/60కి సరిపోతుంది. 1/48ని మాత్రం అందులో రెక్కలు వెనక్కి మడిచే పెట్టాలి. చాలామంది కొన్నాక కొలుచుకుంటారు.

తయారీ సంగతి. మొదటి 1/55 బొమ్మ 1982లో తకతోకు కంపెనీది. ఆ కంపెనీ 1984లో దివాలా తీసింది, అచ్చులు బందాయ్ చేతికి వెళ్ళాయి. ఆ 1/55 విమానంగా చూస్తే లావుగా, మొరటుగా ఉంటుంది గానీ పిల్లలు ఆడుకోవడానికి చేసింది కాబట్టి గట్టిది. 2000ల తొలి ఏళ్ళలో యమాతో కంపెనీ 1/60, 1/48 తెచ్చింది. ఆ మొదటి 1/60లో కాళ్ళు ఊడదీసి మళ్ళీ తగిలించాలి. ఊడదీయకుండా మారేదే కావాలంటే 1/48 గానీ, 2008 నుంచి వచ్చిన 1/60 రెండో వెర్షన్ గానీ చూడండి. యమాతో తర్వాత ఆ దారిని ఆర్కేడియా అందుకుంది. 2019 నుంచి బందాయ్ డీఎక్స్ చోగోకిన్ శ్రేణిలో (కింద డీఎక్స్ అంటే ఇదే) 1/48 దొరుకుతోంది. చోటు తక్కువైతే అదే సంస్థ హై-మెటల్ ఆర్ 1/100 ఉంది.

మొదటి బొమ్మ కొనేవారికి మా మాట: డీఎక్స్ 1/48, కుదరకపోతే హై-మెటల్ ఆర్. ధర చూసి యమాతో 1/60 రెండో వెర్షన్ తొలి విడతల మీదికి వెళ్ళకండి. దాని భుజం కీలు చీలడం సేకర్తలందరికీ తెలిసిన జబ్బు. యమాతో 1/48లో వీపు దగ్గర బీపీ-8 అని పిలిచే ముక్కకి కూడా అదే చెడ్డపేరుంది. ఈ రెండూ కొనకూడనివని కాదు, విరిగితే బాగుచేసుకోగలిగాక కొనాల్సినవి. హసెగావా 1/72 కిట్లు చూడముచ్చటగా ఉంటాయి కానీ రూపం మారవు. ఏ రూపం కిట్ ఆ రూపానికే.

తల చూసి రకం పోల్చుకోవచ్చు. ఒక లేజర్ గొట్టం ఉంటే వీఎఫ్-1ఏ, రెండుంటే ఎక్కువగా వీఎఫ్-1జే, నాలుగుంటే వీఎఫ్-1ఎస్. అమ్మేవాళ్ళు ఫొటో ఒకటి పెట్టి పేరు ఇంకొకటి రాసిన సందర్భాల్లో ఇదొక్కటే పనికొస్తుంది.

జపాన్ అంగడిలో రాసే మాటలు

పాత వాల్కిరీలు ఎక్కువగా దొరికేది జపాన్‌లోనే: మందరాకే వంటి పాతబొమ్మల దుకాణాలు, యాహూ ఆక్షన్, మెర్కారి వంటి ఆన్‌లైన్ అంగళ్ళు. మెషీన్ అనువాదం అక్కడి మాటల్ని మెత్తబరుస్తుంది కాబట్టి అసలు మాటలే గుర్తుపెట్టుకోండి. మికైఫూ అంటే విప్పనిది. చూకో అంటే వాడినది. కెప్పిన్ అంటే ఏదో ముక్క లేదు. హియాకే అంటే పసుపెక్కింది. యురుమి అంటే కీళ్ళు వదులు. బేతత్సుకి అంటే జిగురుగా తయారైంది. జంక్ అని ఉంటే ముక్కల కోసం తప్ప కొనకండి. గెంజోహిన్ అంటే ఉన్నదున్నట్టు ఇస్తాం, తర్వాత అడక్కూడదని.

విప్పనిదే మేలనుకోవడం సహజం. ఇరవై ఏళ్ళ నాటి విప్పని పెట్టెలో మాత్రం ఒక ప్రమాదం ఉంది. మెత్తని పీవీసీతో చేసిన చేతివేళ్ళూ క్షిపణులూ ఏళ్ళ తరబడి థర్మాకోల్ ట్రేకి ఆనుకుని ఉంటే, పీవీసీని మెత్తగా ఉంచే నూనె బయటికి ఊరి థర్మాకోల్‌ని కరిగిస్తుంది. పెట్టె తెరిచేసరికి పిడికిలి గుంటలో అతుక్కుపోయి, దాని మీద తెల్లటి పూసలు అంటుకుని ఉంటాయి. కొత్త బొమ్మల్లో ఉండే పారదర్శక ప్లాస్టిక్ ట్రేతో ఈ బాధ తక్కువ.

ముక్కల లెక్క ఫొటోలోనే తేల్చుకోవాలి. గన్‌పాడ్ (వాల్కిరీ పట్టుకునే తుపాకి), దాని పట్టీ, పైలట్, మార్చుకునే చేతులు, స్టాండు ముక్క, కాగితం మాన్యువల్ అన్నీ కనబడాలి. ఏఎంఎం-1 క్షిపణులతో వచ్చే రకమైతే రెక్కల కింద నాలుగు చోట్ల మూడేసి చొప్పున 12 ఉండాలి. 11 ఉంటే అమ్మేవాళ్ళు చెప్పరు, మీరే లెక్కపెట్టాలి.

కొత్త విడుదల ముందస్తు బుకింగ్‌లో దొరకలేదని వెంటనే రెట్టింపు ధరకి వెళ్ళొద్దు. సైహాన్, అంటే మళ్ళీ అచ్చు వేయడం, బందాయ్‌కి అలవాటే. సైహాన్ ప్రకటించగానే పాత సరుకు ధర దిగుతుంది.

తెప్పించుకోవడం

హక్కుల గొడవ వల్ల మాక్రాస్ బొమ్మలు చాలా ఏళ్ళు జపాన్ దాటి అధికారికంగా రాలేదు. 2021 ఏప్రిల్‌లో మాక్రాస్ హక్కులున్న జపాన్ సంస్థ బిగ్‌వెస్ట్, రోబోటెక్ తీసిన అమెరికా సంస్థ హార్మొనీ గోల్డ్ ఒప్పందం ప్రకటించాక దారి తెరుచుకుంది. పాత బొమ్మలకి మాత్రం ఇప్పటికీ జెన్‌మార్కెట్, బైయీ లాంటి ప్రాక్సీలే (మన తరఫున జపాన్‌లో కొని పంపే సేవలే) గతి. వాటి ఖర్చు నాలుగు చోట్ల పడుతుంది: బొమ్మ ధర, సేవ రుసుము, జపాన్ లోపలి రవాణా, విదేశీ రవాణా. నాలుగూ కలిపాకే చవకో కాదో తేల్చుకోండి.

ప్రైవేటు కొరియర్లు బరువుతో పాటు పెట్టె పరిమాణం కూడా లెక్కేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 40×35×15 పెట్టె అసలు బరువు కిలోన్నరే ఉన్నా 4.2 కిలోల కింద లెక్కవుతుంది. జపాన్ పోస్ట్ ఈఎంఎస్ అసలు బరువుకే వసూలు చేస్తుంది, అందుకే తేలికైన పెద్ద పెట్టెకి అదే లాభం.

హైదరాబాద్‌కో విజయవాడకో తెప్పిస్తుంటే కస్టమ్స్ సుంకం తప్పదు. బొమ్మల మీద ప్రాథమిక సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ పెంచారు. రేట్లు బడ్జెట్‌తో మారుతుంటాయి కాబట్టి ఆర్డరు పెట్టే రోజునే చూసుకోండి. బహుమతి అని రాయించినా లాభం లేదు, ఆ మినహాయింపు 2019 డిసెంబర్‌లోనే పోయింది. ఇంకొకటి: బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర తప్పనిసరి చేసిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులో ఉంది. అది 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి. డీఎక్స్ పెట్టెల మీద 15 ఏళ్ళు పైబడినవారికి అని ఉంటుంది కాబట్టి ఆ వయసు రాసిన చోటి ఫొటో, కొన్న బిల్లు, ఆధార్ లేదా పాన్ సిద్ధంగా ఉంచుకోండి. ఆపి అడిగితే చూపించడానికి ఉంటాయి. ఒప్పుకోవడం అధికారి చేతిలో పని. అమెరికా నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసులో పంపిస్తే ట్రే లోపల ఖాళీల్లో టిష్యూ కుక్కించండి. ట్రేలో బొమ్మ అటూ ఇటూ కొట్టుకుంటేనే యాంటెనాలు విరుగుతాయి.

పార్శిల్ విప్పగానే

రూపం మార్చకండి. ముందు చూడండి. ఫోన్ కెమెరా జూమ్ గానీ చిన్న భూతద్దం గానీ తీసుకుని భుజాలు, తొడలు, వీపు కీళ్ళలో లోహపు పిన్ను దిగిన చోట వెతకండి. పిన్ను రంధ్రం అంచు నుంచి బయటి అంచుకి వెంట్రుకంత గీత కనబడితే అది చీలిక. పిన్ను బిగుతుగా కూర్చోవడానికి రంధ్రాన్ని పిసరు చిన్నగా పోస్తారు. ఆ ఒత్తిడి ఏళ్ళ తరబడి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని లాగుతూనే ఉంటుంది. బొమ్మని ఎవరూ ముట్టుకోకపోయినా చీలేది ఇందుకే. గీత లేకుండా ఆ చోటు తెల్లగా పాలిపోయి ఉంటే, అది చీలికకి ముందు దశ.

పీవీసీ ముక్కలు జిగటగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల అంట్ల సబ్బు వేసి మెత్తని బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. స్పిరిట్ వాడొద్దు, ముద్రించిన గుర్తులు లేచిపోతాయి. వంగిన యాంటెనా మెత్తని ప్లాస్టిక్‌ది అయితే 60, 70 డిగ్రీల నీళ్ళలో అర నిమిషం ముంచి, తిన్నగా చేసి, వెంటనే చల్లటి నీళ్ళలో పెట్టండి.

ఫైటర్ నుంచి బాట్రాయిడ్‌కి

మాన్యువల్ పక్కన పెట్టుకోండి, తయారీని బట్టి లాకులు మారతాయి. కింద చెప్పే వరుస మాత్రం దాదాపు అన్ని వీఎఫ్-1లకీ పనిచేస్తుంది. బల్ల మీద దళసరి తువ్వాలు పరవండి, గోళ్ళు కత్తిరించుకోండి. గన్‌పాడ్, క్షిపణులు, తీయడానికి వీలున్న యాంటెనాలు ముందే తీసేయండి.

1. బొమ్మని బోర్లా తిప్పండి. చక్రాల తలుపులు మూయండి. గోరుతో కాక టూత్‌పిక్‌తో నెట్టండి.

2. ఇంజన్లే కాళ్ళు. వెనక వీపు సంచి (బాట్రాయిడ్‌లో వీపు మీదికి మడిచే తోక భాగం) కింద కొక్కేలతో పట్టి ఉంటాయి. పాదం పట్టుకుని లాగితే చీలమండ ఊడుతుంది, కొక్కెం రాదు. కొక్కేనికి దగ్గరగా పట్టి, కుడికాలు రెండు మిల్లీమీటర్లు, ఎడమకాలు రెండు మిల్లీమీటర్లు, ఇలా మార్చి మార్చి వదిలించండి.

3. కాళ్ళు కిందికి దించి మోకాలు పక్షికాలులా వెనక్కి మడవండి. కొన్ని తయారీల్లో కాలిని కాస్త బయటికి లాగాకే మడత పడుతుంది. మాన్యువల్‌లో బాణం గుర్తు చూడండి. పాదాలు విప్పి నిలబెట్టి చూడండి.

4. ఇప్పుడు చేతులు. అవి పొట్ట కింద కాళ్ళ మధ్య మడిచి ఉంటాయి. భుజం కీలులో రెండు ఇరుసులుంటాయి: ఒకటి బయటికి తెరుచుకునేది, ఒకటి తిరిగేది. ఒకటి పూర్తయ్యాకే రెండోది తిప్పండి. చెయ్యి చివర పట్టుకుని ఒకే ఊపులో రెండూ తిప్పితే బరువంతా ఆ చిన్న కీలు గోడ మీద పడుతుంది. భుజాలు చీలేది సరిగ్గా ఇక్కడే. ఒక చేత్తో భుజం గడ్డని పట్టి, రెండో చేత్తో దాని పక్కనే కదపండి. రెక్కలు ముందుకి చాపితే గెర్వాక్ అయింది.

5. బాట్రాయిడ్‌కి వెళ్ళేముందు రెక్కలు పూర్తిగా వెనక్కి మడవండి. నిలువు తోకలు లోపలికి మడవండి. తర్వాతే వీపు సంచి వీపు మీదికి మడవండి. ఈ వరుస తప్పితే తోక అంచు రెక్క మీద గీత పెడుతుంది. తెల్ల రెక్క మీద పడిన గీత ఇక పోదు.

6. కాళ్ళు తిన్నగా చేయండి. ఇప్పుడు మధ్యలో శరీరం మడుస్తుంది: ముక్కు భాగం కిందికి వేలాడుతుంది, కాళ్ళు ఊచల మీద జరిగి ముక్కుకి రెండు పక్కలా చేరతాయి. ఇంజన్ నోరు పట్టుకుని లాగకండి, ఆ ఊచని పట్టుకుని జరపండి. లాకు పడితే టిక్కుమని వినబడుతుంది. వినబడకపోతే నొక్కొద్దు. వెనక్కి వచ్చి ఏది అడ్డుపడిందో చూడండి.

7. కాక్‌పిట్ గాజుని కప్పే పలక జరిపేటప్పుడు మధ్యలో పల్చటి పాలిథీన్ ముక్క పెట్టండి. మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. పలక అంచుకి ఇసుక రేణువంత దుమ్మున్నా గాజు మీద అడ్డగీత పడుతుంది.

8. తల పైకి లేపి, చేతులు సర్ది, గన్‌పాడ్ పట్టించండి. గన్ పిడిని చేతిలోకి తోయకుండా, వేళ్ళు తెరిచి పిడి చుట్టూ మూయండి. వేళ్ళు తెరుచుకోని చెయ్యి అయితే మార్పు చేతుల్లోంచి గన్ పట్టే చెయ్యి తగిలించండి.

తిరిగి ఫైటర్ చేసేటప్పుడు ఇదే వరుస తలకిందులుగా. అక్కడ జనం ఎక్కువగా తడబడేది తల దగ్గర. తల పక్కకి తిరిగి ఉంటే లోపలికి పోదు, శరీరం లాకు పడదు, మనం కాళ్ళ తప్పనుకుని కాళ్ళని నొక్కుతాం.

రెండు వేళ్ళ బలానికి కదలకపోతే ఆగండి. లాకు వదలలేదు, లేదా ఏదో అడ్డుంది, లేదా కీలు రంగుతో అతుక్కుంది. మూడోదైతే హెయిర్ డ్రయ్యర్ జానెడు దూరంలో పెట్టి 20 సెకన్లు వెచ్చబరిచి, అటూ ఇటూ కొద్ది కొద్దిగా కదపండి. అప్పటికీ రాకపోతే టూత్‌పిక్ కొనతో ఆవగింజంత సిలికాన్ నూనె పెట్టండి. తుప్పు వదిలించే స్ప్రే, కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె వద్దు. ఒత్తిడిలో ఉన్న ఏబీఎస్ ప్లాస్టిక్‌లోకి అలాంటివి దిగితే సన్నటి పగుళ్ళు పుడతాయి. ప్యానెల్ గీతల్లో ఎనామెల్ రంగు పోసేవాళ్ళకి కూడా ఇదే హెచ్చరిక: కీళ్ళ దగ్గర పోయకండి.

వదులు, చీలిక

వదులైన కీలుకి రంగులేని గోళ్ళ రంగు పల్చగా ఒక పూత వేసి 24 గంటలు ఆరనివ్వండి. చాలకపోతే ఇంకో పూత. ఫెవిక్విక్‌తోనూ చేస్తారు గానీ, ఆరేలోపు కదపడం మర్చిపోతే ఆ కీలు ఇక కదలదు.

స్క్రూలు విప్పాలంటే జపాన్ ప్రమాణం, అంటే జేఐఎస్, 0 లేదా 00 స్క్రూడ్రైవర్ కొనండి. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ గాడిలోంచి జారి తల అరగదీస్తుంది. మళ్ళీ బిగించేటప్పుడు ముందు ఎడమవైపు నెమ్మదిగా తిప్పండి. స్క్రూ పాత మరలోకి టక్కున దిగినట్టు చేతికి తెలుస్తుంది, అప్పుడు కుడివైపు బిగించండి. నేరుగా బిగిస్తే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుంటూ పోతుంది. రెండు మూడు సార్లకి ఆ గొట్టం చీలుతుంది.

పిన్ను కీలు చీలితే పిన్ను తీయాలి. పిన్ను ఒక కొస నున్నగా, ఇంకో కొస సన్నగీతలతో గరుకుగా ఉంటుంది. నున్నటి కొస వైపు నుంచి కొట్టి, గరుకు కొస ముందుగా బయటికి వచ్చేట్టు చేయండి. తిరగేసి కొడితే గరుకు భాగం రంధ్రం మొత్తం గీక్కుంటూ పోయి చీలిక పెద్దదవుతుంది. పల్చటి సూపర్ గ్లూ చీలికలోకి పాకనిచ్చి, రాత్రంతా ఆరాక, రంధ్రాన్ని 0.1 మిల్లీమీటరు లోపు పెద్దది చేసి పిన్ను పెట్టండి. ముక్క చేతికి మైనంలా జారుతూ ఉంటే అది పాలీఎసిటాల్ అనే ప్లాస్టిక్, దాన్ని ఏ జిగురూ పట్టదు. అలాంటప్పుడు 3డీ ప్రింట్ ముక్కో లోహపు ముక్కో వెతుక్కోవాల్సిందే.

పసుపెక్కిన తెలుపుని హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ కలిపి తెల్లబరచడం గురించి చాలా వీడియోలున్నాయి. రంగూ ముద్రా లేని ముక్కలకి తప్ప మేం వద్దనే అంటాం. ముద్రలు వెలుస్తాయి, ప్లాస్టిక్ పెళుసెక్కవచ్చు, పసుపు మళ్ళీ తిరిగొస్తుంది.

దాచడం

అటక మీద పెట్టకండి. మే నెలలో కాంక్రీటు కప్పు కింద వేడికి పీవీసీ నూనె ఊరుతుంది, స్టిక్కర్లు లేస్తాయి. కిటికీ ఎండ పడని గోడకి గాజు షోకేసు, అందులో చిన్న తేమ మీటరు, 50 గ్రాముల సిలికా జెల్. తేమ 40 నుంచి 55 శాతం మధ్య ఉంటే చాలు. విశాఖ లాంటి సముద్రపు ఊళ్ళలో వానాకాలం జెల్‌ని తరచూ మార్చాలి.

పురుగులు పట్టకుండా బీరువాలో కలరా ఉండలు వేయడం మన ఇళ్ళలో అలవాటు. బొమ్మలున్న చోట వేయొద్దు. ఆ ఉండల ఆవిరి కొన్ని ప్లాస్టిక్కుల్ని, ముఖ్యంగా పాలీస్టైరీన్‌ని, మెత్తబరుస్తుంది. థర్మాకోల్ ట్రే కూడా అదే పదార్థం. చెదల భయముంటే పెట్టెని గోడకీ నేలకీ ఆనించకుండా లోహపు ర్యాకు మీద పెట్టండి.

పీవీసీ క్షిపణుల్ని విడిగా జిప్ కవర్లో పెట్టండి, బొమ్మకి ఆనించకండి. రబ్బరు బ్యాండ్లు తీసేయండి. నెలల తరబడి ఉంచడానికి ఫైటర్‌ని స్టాండు మీద పెట్టడం అన్నిటికన్నా మంచిది. చక్రాల మీద నిలబెడితే సన్నటి చక్రపు కాళ్ళు వంగుతాయి. గెర్వాక్‌లో బరువంతా వెనక్కి మడిచిన మోకాళ్ళ మీద పడి వేసవికల్లా వదులవుతాయి. ఫొటోలకి గెర్వాక్‌ని మించింది లేదు కాబట్టి తీసుకోండి, తీసుకున్నాక మాత్రం ఆ రాత్రే మళ్ళీ ఫైటర్ చేసి పెట్టండి.